విండోస్ 11 వేయించాక సిస్టం పడకేసింది, షాపు వాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వరంట. ఏం చేయొచ్చు?

కావలి జిరాక్స్:

మాది కావలి. చిన్న జిరాక్స్, డీటీపీ షాపు, మనిషిని పెట్టుకునే స్తోమత లేదు, నేనొక్కడినే చూసుకుంటా. శుభలేఖలు, కరపత్రాలు, పొలం కాగితాల స్కానింగు, ఇదే పని. సిస్టం పాతదే, ఇంటెల్ ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు. విండోస్ 10 (32 బిట్) ఉండేది, పనికి ఇబ్బంది లేదు. సపోర్టు అయిపోయింది అని స్క్రీన్ మీద మాటిమాటికీ వస్తుంటే ఒంగోలులో తెలిసినవాళ్లు చెప్పిన షాపుకి పట్టుకెళ్లా. ఆయన చూసి, 10 ఇక పనిచేయదు, బ్యాంకు పనులు చేస్తే ఖాతా ఖాళీ అవుతుంది, ఒరిజినల్ 11 వేస్తా, లైసెన్సు 4,500, సర్వీసు 800 అన్నాడు. మొత్తం 5,300 ఫోన్‌పే చేశా. బిల్లు అడిగితే తెల్లచీటీ మీద అంకెలు వేసి ఇచ్చాడు, కింద షాపు ముద్ర ఉంది.

ఇంటికి తెచ్చాక అసలు కథ మొదలైంది. ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. స్కానర్ కనపడటం లేదు. తెలుగు టైపింగుకి పెట్టుకునే డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవిలా గుచ్చే చిన్న ముక్క) గుచ్చితే గుర్తుపట్టదు, అంటే పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్‌లో ఉన్న పాత శుభలేఖల ఫైళ్లన్నీ ఉండీ లేనట్టే. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి పోయాయి, డి డ్రైవ్ మాత్రం ఉంది. స్క్రీన్ మూల ఏదో రిక్వైర్‌మెంట్స్ లేవు అని ఇంగ్లీషులో రాసి ఉంటోంది. వెనక్కి వెళ్లే ఆప్షన్ ఉంటుందని యూట్యూబ్‌లో చూసి వెతికితే అది నొక్కడానికి రావడం లేదు.

ఫోన్ చేస్తే "సాఫ్ట్‌వేర్‌కి రిఫండ్ ఏందయ్యా, ఒకసారి కీ వాడితే అయిపోయింది, కొత్త సిస్టం కొనుక్కో" అన్నాడు. ముహూర్తాల సీజను, ఆర్డర్లు తిప్పి పంపుతున్నా. బో టెన్షన్‌గా ఉంది. డబ్బు తిరిగి రాబట్టే దారి ఉందా? ఆయనది ఒంగోలు, నాది నెల్లూరు జిల్లా, ఎక్కడ అడగాలో కూడా తెలియదు.

బండలాగుడు:

అన్నా, ఆ సిస్టంకి 11 వేయడమంటే మా ఒంగోలు గిత్తల జత లాగే బండని పాలు మరవని దూడకి కట్టడమే. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది, దాంతోపాటు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. నాలుగో తరంలో ఎక్కిందంటే ఆ చెకింగ్ తప్పించేలా తయారు చేసిన పెన్‌డ్రైవ్‌తో వేశాడన్నమాట. మూలన వచ్చే రాత అదే. ఇట్టా వేసిన సిస్టంలకి అప్‌డేట్లు ఇస్తామని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. సెక్యూరిటీ కోసం అని డబ్బు తీసుకుని సెక్యూరిటీకే గ్యారంటీ లేనిది వేశాడు, ఇదే నీ పాయింటు, వదలమాక.

స్కానర్, డాంగిల్ సంగతి: 11లో 32 బిట్ రకమే లేదు, 64 మాత్రమే. నీ పాత 10 ఏమో 32. మామూలు 32 బిట్ ప్రోగ్రాములు 64లో నడుస్తాయి, డ్రైవర్లు, అంటే స్కానర్ లాంటివాటిని సిస్టం గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రాములు, మాత్రం నడవవు. పాత స్కానర్‌కి, డాంగిల్‌కి 64 బిట్ డ్రైవరు ఆ కంపెనీ వాళ్ల దగ్గర ఉంటే దొరుకుతుంది, లేకపోతే తలకిందులుగా తపస్సు చేసినా రావు. 32 నుంచి 11కి నేరుగా అప్‌గ్రేడ్ కూడా కుదరదు, కొత్తగా ఎక్కించాల్సిందే. అందుకే డెస్క్‌టాప్ ఫైళ్లు పోయాయి. అప్‌గ్రేడ్ అయితే పది రోజుల లోపు పాతదానికి వెళ్లే వీలుంటుంది, నీకు అది రాకపోవడానికి కారణం ఇదే. పోయిన ఫైళ్లు కావాలనుకుంటే సి డ్రైవ్‌లో కొత్తగా ఏమీ కాపీ చేయకుండా రికవరీ తెలిసినవాళ్లకి చూపించు, వాడే కొద్దీ అవకాశం తగ్గిపోతుంది.

ఇంకోటి. అర్హత ఉన్న సిస్టంకి 10 నుంచి 11 ఉచితమే, 2021లో వచ్చినప్పటి నుంచీ అంతే. మరి 4,500 దేనికి? రన్ బాక్సులో ఎస్ఎల్ఎంజీఆర్ (slmgr) అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ (/dli) అని ఎంటర్ కొట్టు. రిటైల్ అని వస్తే కీ కొన్నట్టు. వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్ అని వస్తే అది ఆఫీసులకి, కాలేజీలకి ఇచ్చే రకం, ఒంటరి మనిషికి అమ్మేది కాదు, 180 రోజులకొకసారి రెన్యూ కావాలి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

స్క్రూడ్రైవర్:

నేను కూడా ఇదే పని చేస్తా, ఊరు చెప్పను. ఆ షాపాయన చేసింది తప్పే, కానీ అందరూ మమ్మల్నే అంటారు కాబట్టి రెండు మాటలు. కస్టమర్ వచ్చి "అందరూ 11 వేయించుకుంటున్నారు, నాకూ వెయ్యి" అంటాడు. కుదరదంటే పక్క షాపుకి పోతాడు. వేసిన తర్వాత స్లో అయితే మళ్లీ మన మీదకే. పూట కూర్చుని చేసిన పనికి 800 కూడా వెనక్కి ఇవ్వమంటే నేనైతే ఇవ్వను. లైసెన్సు డబ్బు మాత్రం, కీ సరైనది కాకపోతే, ఇచ్చి తీరాలి.

డిస్కు మార్చి దానికన్నా వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేస్తే ఆ ఐ3 ఇంకా రెండేళ్లు శుభలేఖలు కొడుతుంది. ఎవరూ వినరు.

వినియోగదారుడు నెల్లూరు:

స్క్రూడ్రైవర్ గారూ, మీ బాధ అర్థమైంది కానీ 800 సంగతి ఒప్పుకోను. ఈయన 11 కావాలని అడగలేదు, సలహా ఇచ్చింది షాపాయన. ఆ సలహా తప్పు, దాని మీద చేసిన పని వల్ల ఉన్న స్కానర్ కూడా ఆగింది. చట్టం భాషలో సేవా లోపం అంటే ఇదే.

కావలి తమ్ముడూ, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో నీకు పనికొచ్చేవి చెప్తా. సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో రెండు సరిగ్గా నీ కేసే. సరుకుకి గానీ సేవకి గానీ బిల్లు ఇవ్వకపోవడం ఒకటి. లోపమున్న సేవకి తీసుకున్న డబ్బు, బిల్లులో రాసిన గడువులోపల, గడువే రాయకపోతే 30 రోజుల్లోపల, తిరిగి ఇవ్వననడం రెండోది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకి అంటించినంత మాత్రాన ఇది రద్దు కాదు.

షాపాయన తరఫున ఎవరైనా ఒక అడ్డం తెస్తారు చూడు: నువ్వు వ్యాపారానికి వాడుతున్నావు కాబట్టి వినియోగదారుడివే కాదు అంటారు. భయపడమాక. ఒక్కడివే కూర్చుని బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా చేసుకునే పనికి వాడితే అది వాణిజ్య అవసరం కింద రాదని చట్టంలోనే వివరణ ఉంది. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు "మనిషిని పెట్టుకునే స్తోమత లేదు, నేనొక్కడినే చూసుకుంటా" అని నువ్వు ఇక్కడ రాసిన వాక్యం అక్కడా రాయి. చాలామంది ఇది రాయక చిక్కుల్లో పడతారు.

ఎక్కడ వేయాలంటే నెల్లూరులోనే. పాత 1986 చట్టంలో అవతలివాడు ఉన్నచోటికో, వ్యవహారం జరిగినచోటికో పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు ఉంటున్న లేదా పనిచేసుకుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, ఒంగోలు తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. ప్రభుత్వం వాళ్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే పెట్టొచ్చు.

కానీ 5,300కి నేరుగా అక్కడికి వెళ్లమని నేను చెప్పను. ముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడుగు: ఏ రోజు ఎంత కట్టావో, ఆయన ఏం చెప్పి వేశాడో, ఇప్పుడు ఏవి పనిచేయడం లేదో, ఎన్ని రోజుల్లో డబ్బు కావాలో. తిట్లు వద్దు, ఆ మెసేజే రేపు నీ సాక్ష్యం. ఫోన్‌పే రసీదు, తెల్లచీటీ ఫొటో దానికే జత చెయ్యి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పు. హెల్ప్‌లైన్‌కి తీర్పు ఇచ్చే అధికారం లేదు, రాజీకి ప్రయత్నిస్తారు, చిన్న షాపు అయితే ఒక్కోసారి పట్టించుకోరు కూడా. అయినా ఫిర్యాదు నంబరు ఉంటే తర్వాత మాటకి బలం.

కావలి జిరాక్స్:

అందరికీ థాంక్స్. ఆ కమాండ్ కొట్టా, వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అనే వచ్చింది. స్క్రీన్‌షాటు, ఫోన్‌పే రసీదు, చీటీ ఫొటో అన్నీ పెట్టి వినియోగదారుడు అన్న చెప్పినట్టే మెసేజ్ పంపా. నీలం టిక్కులు పడ్డాయి, రాత్రి దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఆయనే ఫోన్ చేసి, గొంతు మారిపోయింది, "అట్టా కాదులే బాబూ, లైసెన్సు 4,500 ఇచ్చేస్తా, పాత 10 ఊరికే వేసిస్తా, 800 మాత్రం అడగొద్దు, సిస్టం పంపించు" అంటున్నాడు. ఒప్పుకోమంటారా? మళ్లీ 10 వేస్తే దానికి కీ కొనాలా, సెక్యూరిటీ ఎట్టా?

బండలాగుడు:

కీ అక్కర్లేదు. ముందు ఉన్న 10 సరిగ్గా యాక్టివేట్ అయి ఉంటే ఆ డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉంటే హోమే వేయమను, ప్రో వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. స్కానర్, డాంగిల్ కావాలంటే 32 బిట్టే అడుగు.

10కి సపోర్టు 2025 అక్టోబర్ 14న అయిపోయిన మాట నిజం, ఆ రోజు నుంచి పనిచేయడం ఆగిపోతుందన్నది అబద్ధం. ఇళ్లలో వాడేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు పెట్టారు. 22హెచ్2 (22H2) అనే 10 చివరి వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు కూడా కట్టక్కర్లేదు, విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనపడుతుంది. ఆ తర్వాత బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకుని, దీన్ని ప్రింటింగుకే ఉంచుకో.

వినియోగదారుడు నెల్లూరు:

న్యాయంగా 800 కూడా రావాలి, నా మాట మార్చను. కానీ ముహూర్తాల్లో షాపు మూసుకుని 800 కోసం కొట్లాడటం నీకు గిట్టుబాటు కాదు. ఒప్పుకో. 4,500 ఖాతాలో పడ్డాకే సిస్టం పంపు, ముందు కాదు. ఒప్పుకున్నదంతా ఆయన చేత వాట్సాప్‌లో రాయించుకో, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

స్క్రూడ్రైవర్:

పంపే ముందు డి డ్రైవ్ మొత్తం బయట కాపీ తీసిపెట్టుకో. ఈసారి పార్టిషన్లు (సి, డి భాగాలు) కూడా కలిపేస్తే నేనేం చేయలేను. స్కానర్, డాంగిల్ కూడా సిస్టంతోపాటే పంపి, అక్కడే పనిచేస్తున్నట్టు వీడియో తీసి పంపమను.

కావలి జిరాక్స్:

సరే అన్నా. పక్క ఫొటో స్టూడియో వాళ్ల ఎక్స్‌టర్నల్ డిస్కు అడిగా, ఇస్తామన్నారు. డబ్బు పడగానే ఇక్కడ చెప్తా.