ట్రాజిమెన్ శాఖా, విభాగమా, జిల్లానా?

నెపోలియన్ నాటి ఇటలీ గురించి రాస్తున్న మిత్రులొకరు ‘దెపార్త్‌మాఁ’ అనే ఫ్రెంచి పాలనా ప్రాంతపు పేరును తెలుగులో శాఖ అనాలా, విభాగం అనాలా అని అడిగారు. జిల్లా అనడమే సరైనదని నా అభిప్రాయం. 1809 నుంచి 1814 వరకు మాత్రమే ఇటలీలో ఉన్న దెపార్త్‌మాఁ అయిన ట్రాజిమెన్‌ను చూస్తే ఆ సంగతి తేటపడుతుంది.

1809 మే 17న నెపోలియన్ పోపు ఏలుబడిలోని రాజ్యాన్ని తన సామ్రాజ్యంలో కలుపుకున్నాడు. దాన్ని రెండుగా చేసి, రోము ఉన్న భాగానికి టైబర్ నది పేరు, మధ్య ఇటలీలోని ఉంబ్రియా వైపు భాగానికి పెరూజా పక్కనున్న ట్రాజిమేనో సరస్సు పేరు పెట్టారు. మరుసటి ఏడే మొదటిది రోము జిల్లా అయింది. ట్రాజిమెన్‌కు ముఖ్యపట్టణం స్పొలేతో. అక్కడ ప్రిఫెక్టుగా, అంటే పాలనాధికారిగా, కొలువున్న రోడెరేర్ పారిస్ పంపిన అధికారి. పన్నులు, పోలీసు వ్యవహారాలు, సైన్యానికి యువకులను పంపడం, ఇవన్నీ ప్రిఫెక్టు చూడవలసిన పనులే. ఆయన కింద స్పొలేతో, ఫొలీన్యో, పెరూజా, తోది అనే నాలుగు ‘అరోందిస్‌మాఁ’లు, అట్టడుగున మేయర్లు నడిపే కమ్యూన్లు ఉండేవి. దెపార్త్‌మాఁను విభాగం అనేస్తే ఈ నాలుగింటికీ మాట మిగలదు. జిల్లా అంటే ఇవి డివిజన్లుగా చక్కగా ఇమిడిపోతాయి. ఇక శాఖ అంటే విద్యాశాఖ, రెవెన్యూ శాఖ వంటివే పాఠకుడి మనసులో మెదులుతాయి.

పేరు సంగతి ఇంకా ముఖ్యం. 1790లో ఫ్రాన్సును 83 జిల్లాలు చేసినప్పుడు, పాత ప్రాంతాల మీది మమకారం పోవాలని నదుల పేర్లూ కొండల పేర్లూ ఎంచుకున్నారు. అదే పద్ధతిని ఇటలీకీ తెచ్చారు. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాల స్థానంలో 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడిన తెలుగునాట ఈ తీరు వింతేమీ కాదు. అయితే సరస్సును ఇటాలియనులో పలికినట్టు ట్రాజిమేనో అనీ, జిల్లాను ఫ్రెంచిలో పలికినట్టు ట్రాజిమెన్ అనీ వేరుగా రాస్తేనే, ఆ పేరు ఎవరి ఏలుబడిలో వచ్చిందో పాఠకుడికి కనిపిస్తుంది. క్రీ.పూ. 217లో కార్తేజి సేనాని హన్నిబాల్ రోమను సేనను నాశనం చేసింది ఆ సరస్సు ఒడ్డునే కాబట్టి, దాన్నీ ఒక్క వాక్యంలో చెప్పడం మంచిది.

పోపు ఏడవ పయస్ తిరిగి అధికారంలోకి వచ్చాక, 1816లో ఈ ప్రాంతం పెరూజా, స్పొలేతో అనే పట్టణాల పేర్లతో, పోపు ప్రతినిధులు ఏలే ‘డెలిగేషన్’లుగా మారింది. వాటిని మాత్రం జిల్లాలనకుండా డెలిగేషన్లుగానే ఉంచమని నా మనవి. లేకపోతే రెండు పాలనలూ ఒకటిగా కలిసిపోతాయి.