పళ్ళు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలేనా?

తెనాలి_కోడలు:
మా బాబుకి ఎనిమిదో నెల. కింది చిగురు ఉబ్బింది, చొంగ ఆగకుండా కారుతోంది, దొరికిందల్లా కొరుకుతున్నాడు. నిన్నటి నుంచి 101 జ్వరం, నీళ్ళ విరేచనాలు. "పళ్ళ విరేచనాలమ్మా, పన్ను బయటికొస్తే అవే పోతాయి" అంటున్నారు అత్తయ్య. మా ఆయన ఆస్పత్రికి వెళ్దామంటున్నారు. నిజంగా పళ్ళ వల్ల ఇవి వస్తాయా?

మనవలతో_మంగమ్మ:
మీ అత్తగారు చెప్పింది సరైనదే తల్లీ. మా ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ పన్ను పొడుచుకొచ్చే ముందే ఒళ్ళు కాలింది, కడుపు కదిలింది. ఇంతమంది తల్లులు కళ్ళతో చూసింది అబద్ధమవుతుందా? అంత చొంగ మింగితే విరేచనం పలచబడదూ? ప్రతిదానికీ పరిగెత్తి పసివాడికి యాంటీబయాటిక్ పోయించడం మాత్రం మంచిదా?

పిల్లలవార్డు_నర్స్:
తెనాలి కోడలు గారూ, ముందు బాబుని చూపించండి. మా జవాబులు తర్వాత చదువుకోవచ్చు. ఓఆర్ఎస్ ఇప్పుడే మొదలుపెట్టండి, తల్లిపాలు ఆపొద్దు.

పెద్దమ్మా, మీరు చూసింది అబద్ధం కాదు. పన్ను, జ్వరం ఒకే వారంలో రావడం నిజమే. ఒకదాని వల్ల రెండోది వచ్చిందనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. కడుపులో ఉండగా తల్లి నుంచి అందిన, జబ్బులతో పోరాడే యాంటీబాడీలు ఆరో నెలకి బాగా తగ్గిపోతాయి. అప్పుడే అన్నప్రాశన చేసి బయటి తిండి మొదలుపెడతాం. వాడు పాకుతూ నేలమీదున్నవన్నీ నోట్లో పెట్టుకుంటాడు. పాలపళ్ళు 20. ఆరో నెల నుంచి మూడేళ్ళ లోపు ఎప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఆ వయసులో ఏ జబ్బు చేసినా పక్కనే ఒక పన్ను కనబడుతుంది!

2016లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష వచ్చింది. చిగుళ్ళ సలుపు, చిరాకు, చొంగ, ఇవే ఎక్కువగా కనిపించాయి. ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు గానీ అది జ్వరం దాకా పోదు. 100.4 దాటిందంటే వేరే కారణం వెతకాల్సిందే.

మంగమ్మ గారు యాంటీబయాటిక్ గురించి అన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. నీళ్ళ విరేచనాల్లో ఎక్కువ శాతానికి దాని అవసరమే ఉండదు.

కూకట్‌పల్లి_నాన్న:
సమీక్షలు సరేనండీ, మా పాపని తీసుకెళ్తే డాక్టరే "పళ్ళు వస్తున్నాయిలెండి" అని పంపేశారు. మేం ఎవరి మాట నమ్మాలి? రాత్రంతా ఏడుస్తుంటే చిగుళ్ళకి మొద్దుబారే జెల్ రాస్తే తప్పా?

పిల్లలవార్డు_నర్స్:
ఆ జెల్ వద్దండీ. బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు ఉన్నవి రెండేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా చెప్పింది. అరుదుగానే అయినా, రక్తం ఆక్సిజన్ మోసుకెళ్ళే శక్తి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తేనె కూడా ఏడాది నిండేదాకా నాకించొద్దు, బొటులిజం అని ఒళ్ళు చచ్చుబడే జబ్బు వచ్చే భయం ఉంది. చేయి శుభ్రంగా కడుక్కుని వేలితో చిగురు మెల్లగా రుద్దండి, లేదా చల్లటి తడిగుడ్డ కొరకనివ్వండి. టీథర్ (కొరుక్కునే బొమ్మ) ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, ఫ్రీజర్‌లో వద్దు.

పళ్ళ వల్లే జబ్బు చేస్తుందన్నది మన పెద్దవాళ్ళ ఒక్కరి నమ్మకమే కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పళ్ళు రావడాన్ని శిశుమరణాల కారణంగా రిజిస్టర్లలో రాశారు. అక్కడ పళ్ళ కోసం అమ్మిన పొడుల్లో పాదరసం ఉండేది. పిల్లల చేతులు, కాళ్ళు ఎర్రబడి నొప్పితో విలవిల్లాడే "పింక్ డిసీజ్"కి అదే కారణమని తేలింది. 1950లలో ఆ పొడులు పోయాక జబ్బూ దాదాపు మాయమైంది. పన్ను చంపలేదు, పన్నుకని ఇచ్చిన మందు చంపింది.

అనకాపల్లి_ఆశా:
నేను ఊళ్ళో ఆశా కార్యకర్తని. ఓఆర్ఎస్, జింక్ ఇచ్చి వస్తే "పళ్ళకేనమ్మా" అని అటకెక్కిస్తారు. ఆరు నెలలు దాటిన బిడ్డకి జింక్ రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు వేయాలి. విరేచనం కట్టిందని మూడో రోజే మానేస్తారు.

ఒక్కటి అడుగుతాను మంగమ్మ గారూ. విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి టీకా మొదట మొదలైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి, 2016లో. ఆరు, పది, పద్నాలుగు వారాలకి చుక్కలు వేస్తాం. ఆ వైరస్ ఎక్కువగా కాటేసేది సరిగ్గా ఈ పళ్ళ వయసు పిల్లల్నే. విరేచనాలు పన్ను వల్లే అయితే టీకాతో ఎలా తగ్గుతాయి?

మనవలతో_మంగమ్మ:
ఆస్పత్రికి వెళ్ళొద్దని నేననలేదమ్మా. పై పన్ను ముందొస్తే మేనమామకి గండమంటారు, అది నేనూ నమ్మను. కానీ పన్నుకీ ఒంటికీ ఏ సంబంధమూ లేదంటే ఒప్పుకోను. టీకా వేయించిన మా చిన్న మనవడికీ పన్నుతో పాటే రెండు రోజులు పలచగా అయింది.

పిల్లలవార్డు_నర్స్:
ఆ మాట ఒప్పుకోకపోయినా పర్వాలేదు పెద్దమ్మా. టీకా ఆపేది ఒక్క రోటావైరస్‌నే, మిగతావి ఉంటూనే ఉంటాయి. మిమ్మల్ని అడిగే కోడళ్ళకి మాత్రం ఇవి చెప్పండి: కళ్ళు లోపలికి పోయినా, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం పడినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా, పన్ను కోసం ఎదురుచూడకుండా అప్పటికప్పుడే తీసుకురమ్మనండి.