పాల్ రోబ్సన్ మీద ఐదు నిమిషాల ప్రసంగం: ఆటల సంగతులు సరిచూడండి

రాజోలు_లెక్చరర్:
మా డిగ్రీ కాలేజీ వక్తృత్వ పోటీలో ఒకమ్మాయి అమెరికా నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ గురించి మాట్లాడుతోందండి. గాయకుడిగా కాదు, అమెరికాలోని రట్గర్స్ కాలేజీలో ఆటగాడిగా, చదువరిగా. రెండు అనుమానాలు. ఒకే మనిషి నాలుగు ఆటల్లో కాలేజీ జట్టుకి ఎలా ఆడాడు? అక్కడ చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనేనా?

పీడీ_అమలాపురం:
అన్నీ ఒకేసారి కాదండి. అక్కడ ఆటకో సీజను. సెప్టెంబరు నుంచి ఫుట్‌బాల్, చలికాలం బాస్కెట్‌బాల్, వేసవి ముందు బేస్‌బాల్, అథ్లెటిక్స్. ఒకదానికొకటి అడ్డొచ్చేవి ఆ చివరి రెండే. బేస్‌బాల్‌లో ఆయన క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాడి వెనక బంతి అందుకునేవాడు; అథ్లెటిక్స్‌లో డిస్కస్ విసిరేవాడు.

ఫుట్‌బాల్ అనగానే మన హాల్లో అందరూ గుండ్రటి బంతి, గోల్‌పోస్టు అనుకుంటారు. కోలబంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటనీ, నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్ళకపోతే బంతి అవతలి జట్టుకి పోతుందనీ ముందే చెప్పించండి. రోబ్సన్ ఆడింది ‘ఎండ్’ స్థానంలో, అంటే వరస కొసన. అప్పట్లో దాడికీ, కాపుకీ ఆ ఆటగాళ్ళే. పాస్ అందుకున్నవాడే మరుక్షణం ఎదుటివాణ్ణి పడగొట్టాలి. తోలు హెల్మెట్టుకి ముఖం దగ్గర కడ్డీలుండేవి కాదు.

భీమవరం_పాఠకుడు:
మొదటివాడు కాదండీ, మూడోవాడు. చాలా వ్యాసాల్లో ఈ తప్పు దొర్లుతుంది. 1915లో పోటీ పరీక్ష రాసి, స్కాలర్‌షిప్ మీద చేరాడు. మొదటి ప్రాక్టీసులోనే సొంత జట్టువాళ్ళే ముక్కు విరగ్గొట్టారు, భుజం జారింది. తర్వాత ఒకడు బూటుతో చెయ్యి తొక్కితే గోళ్ళు ఊడాయి. 1916లో వాషింగ్టన్ అండ్ లీ అనే మరో కాలేజీ జట్టు, నల్లవాడుంటే మేము ఆడబోమంది. రట్గర్స్ ఆయన్నే బెంచీ మీద కూర్చోబెట్టింది! ప్రసంగంలో నిమిషం దీనికే ఇవ్వండి, పతకాల జాబితా తగ్గినా ఫర్వాలేదు. 1917, 1918లో ఆల్-అమెరికా జట్లకి, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ళ జాబితాలకి, ఎంపికయ్యాడు. ఫై బీటా కప్పా మాత్రం ఆటలది కాదు, చదువులో మేటి విద్యార్థులకిచ్చే గౌరవం. 1919లో పట్టభద్రుల తరఫున ప్రసంగించాడు.

రాజోలు_లెక్చరర్:
ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగులో, ఆడుతూ లా చదివాడని రాయొచ్చా?

భీమవరం_పాఠకుడు:
రాయొచ్చు, సంవత్సరం చూసుకోండి. 1921లో అక్రాన్ జట్టుకి ఆడినప్పుడు లీగు పేరు వేరు. ఎన్‌ఎఫ్‌ఎల్ అన్న పేరు 1922లో వచ్చింది, ఆ ఏడు మిల్వాకీ జట్టుకి ఆడాడు. కొలంబియా యూనివర్సిటీలో లా పట్టా 1923. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మేటి ఆటగాళ్ళ గౌరవ జాబితాలోకి 1995లోగానీ తీసుకోలేదు, ఆయన పోయింది 1976లో. జడ్జీలు ఎందుకంత ఆలస్యమని అడగొచ్చు. ఆయన వామపక్ష రాజకీయాలూ, 1950లో అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు రద్దు చేయడం, 1958లో తిరిగివ్వడం అమ్మాయికి తెలిసుండాలి.

పీడీ_అమలాపురం:
500 మాటలు దాటనివ్వకండి, నిమిషానికి వంద చాలు. సంవత్సరాలు నాలుగైదుకి మించితే మధ్యలో తడబడుతుంది.