సాన పట్టడమా, మెరుగు పెట్టడమా?

ప్రశ్న: బఫింగ్ పని, అంటే తిరిగే గుడ్డ చక్రానికి పాలిష్ కడ్డీ రాసి దానితో లోహాన్ని మెరిపించే పని నేర్చుకునేవారి కోసం కరపత్రం రాస్తున్నాం. గీతలు తీసే కడ్డీకీ, చివర్లో మెరుపు తెచ్చే కడ్డీకీ 'పాలిష్' అన్న మాటే వస్తోంది. మొదటిదాన్ని 'సాన పట్టడం', రెండోదాన్ని 'మెరుగు పెట్టడం' అనొచ్చా?

– 'మెరుగు పెట్టడం' అచ్చంగా సరిపోతుంది, కంసాలుల మాటే అది. బంగారానికీ వెండికీ చివర్లో వాడే ఎర్ర రూజ్ మెత్తటి ఐరన్ ఆక్సైడ్. అది గీతను తీయదు, గీతతో సహా మెరిపిస్తుంది. అంతకుముందే ట్రిపోలీతో గీతలు పోవాలి. గోధుమరంగు కడ్డీ, సిలికా పొడి. వెండి, రాగి, ఇత్తడి, అల్యూమినియం అన్నిటికీ పనికొస్తుంది. పూత పూసిన వస్తువు మీద మాత్రం పెట్టకండి, పూతే లేచిపోతుంది.

– 'సాన'కు నేను ఒప్పుకోను. సానలో రాపిడి గుణమంతా రాయిలోనే ఉంటుంది, అది కత్తికి అంచు తెస్తుంది, రూపమే మారుస్తుంది. బఫ్‌లో పొడి కొవ్వులో కలిసి గుడ్డ చక్రానికి అంటుకుని ఉంటుంది. 'గీతలు తీయడం' అంటే చాలదా?

– చాలు. చేతి కదలికలోనూ ఆ తేడా ఉంది, కరపత్రంలో రాయండి. గీతలు తీసేటప్పుడు వస్తువును చక్రం తిరిగే దిశకు ఎదురుగా కదపాలి, మెరుగు పెట్టేటప్పుడు తిరిగే దిశలోనే, తేలిగ్గా. రెండిట్లోనూ వస్తువును చక్రం మధ్యగీతకు కిందే పట్టాలి. పైన పడితే చక్రం లాగేసుకుని విసిరికొడుతుంది. గొలుసులు అసలు పెట్టొద్దు.

– మరి స్టెయిన్‌లెస్ స్టీలుకు?

– ఎర్ర రూజ్‌తో ఎంతసేపు పట్టినా దండగే. ముందు నల్ల ఎమెరీ కడ్డీ, తర్వాత ఆకుపచ్చ కడ్డీ, అంటే క్రోమియం ఆక్సైడ్. తెల్ల అల్యూమినా కడ్డీ కూడా పనిచేస్తుంది. అన్నట్టు ఎమెరీలో ఉండేది ప్రధానంగా కురువిందమనే గట్టి ఖనిజమే, మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 9. దాని ఇంగ్లీషు పేరు 'కొరండమ్' తమిళ 'కురుందం' నుంచి వెళ్లిందే. మన పక్కింటి మాటను 'కొరండమ్' అని మళ్లీ అరువు తెచ్చుకోవడం ఎందుకు? కాకపోతే 'కురువిందం' అంటే కెంపు అన్న అర్థమూ ఉంది కాబట్టి 'కురువిందపు పొడి' అని రాయండి.

– అంతకంటే ముఖ్యమైనది: కడ్డీకో చక్రం. ఎమెరీ అంటిన చక్రం మీద రూజ్ రాస్తే, మిగిలిన గరుకు గింజలు వెండి మీద కొత్త గీతలు గీస్తాయి. చక్రం పక్కన మార్కర్‌తో పేరు రాసుకోవాలి. కడ్డీ మార్చే ముందు వస్తువును వేడి సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడగాలి.

– లోహం మీద నల్ల చారలు మిగులుతున్నాయంటే?

– కడ్డీ ఎక్కువ రాశారు, లేదా వేగం చాలలేదు. నిమిషానికి 2800 చుట్లు తిరిగే మోటారుకు 8 అంగుళాల చక్రం బిగిస్తే అంచు వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లు. అదే మోటారుకు 4 అంగుళాలది వేస్తే సగమే. తిరుగుతున్న చక్రానికి కడ్డీని ఒక్క క్షణం తాకించి తీసేయాలి. చారలు పోవాలంటే కొత్తగా రాయకుండా శుభ్రమైన చోట తేలిగ్గా పట్టండి. అల్యూమినియాన్ని గట్టిగా నొక్కితే వేడెక్కి ఇంకా మసకబారుతుంది. ఈ చారలకు 'జిడ్డు చారలు' అని పెట్టండి, 'మరకలు' అంటే తుప్పు అనుకుంటారు.