ఫ్లైట్‌గేర్‌లో టీ-6జీ టెక్సాన్: తోకచక్రం లాక్ ఎలా రాయాలి?

ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్ కోసం జేఎస్‌బీసిమ్‌లో (విమానం కదలికలను లెక్కకట్టే ప్రోగ్రామ్) తోకచక్రం విమానాలు చేసినవాళ్లు కాస్త చూడండి. అసలు టీ-6జీలో (పాత అమెరికా శిక్షణ విమానం) తోకచక్రం రడ్డర్ పెడల్స్‌తో అటు 15, ఇటు 15 డిగ్రీలు తిరుగుతుంది. స్టిక్ పూర్తిగా ముందుకు నెడితే లాక్ ఊడి స్వేచ్ఛగా తిరుగుతుంది.

విమానం ఫైల్‌లో మ్యాక్స్ స్టీర్ (చక్రం తిరిగే గరిష్ఠ కోణం) 15 పెడితే ట్యాక్సీలో ఇరుకు మలుపులు కుదరడం లేదు. 360, అంటే పూర్తి స్వేచ్ఛ, పెడితే చక్రానికి పట్టే లేదు: టేకాఫ్‌కి 36 అంగుళాల మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం), 2250 ఆర్‌పీఎం ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగేసి గ్రౌండ్ లూప్ (నేలమీదే అదుపు తప్పి గిర్రున తిరగడం). ప్రధాన చక్రాలు గరిమనాభికి ముందుంటాయి కాబట్టి కొంత తిరగడం న్యాయమే, మరీ ఇంతా? స్టాటిక్ ఫ్రిక్షన్ (నేలపై చక్రం పట్టు) 0.8 నుంచి 0.5కి దించితే పక్కకు జారుతోంది, అది ఇంకా దరిద్రం.

స్టిక్‌తో కదిలే ఎలివేటర్ స్థానాన్ని బట్టి క్యాస్టర్డ్ ప్రాపర్టీని (చక్రం స్వేచ్ఛగా తిరగాలా వద్దా అనే అమరిక) ఫ్లైట్ కంట్రోల్ విభాగంలో స్విచ్‌తో మార్చవచ్చా? చేసినవాళ్లు ఆ ముక్క వరకు కోడ్ పెట్టగలరా?