టిబెటన్ మాస్టిఫ్ కుక్కకి ఎండాకాలంలో బొచ్చు గొరిగించవచ్చా?

నమస్కారం అండీ. మాది వనస్థలిపురం. మా తమ్ముడు ఉద్యోగం మీద విదేశం వెళ్తూ తన టిబెటన్ మాస్టిఫ్‌ని మాకు అప్పగించాడు. పేరు భీముడు, వయసు 14 నెలలు, బరువు 52 కిలోలు. హిమాలయాల చలిలో గొర్రెల మందల్ని కాసే జాతి. ఇక్కడేమో 40 డిగ్రీల ఎండ! పగలంతా బాత్రూమ్ గచ్చుకి పొట్ట ఆనించి, నాలుక బయటపెట్టి పడుకుంటాడు. పొద్దున పెట్టిన పెరుగన్నం సాయంత్రం దాకా ముట్టడు.

గ్రూమింగ్ అబ్బాయి మెషిన్ పెట్టి మొత్తం గొరిగేద్దాం అంటున్నాడు. డాక్టర్‌గారు వద్దన్నారు. ఆ రెండు పొరల బొచ్చే ఎండ నుంచి కాపాడుతుందట, లోపల రాలిన బొచ్చు దువ్వి తీస్తే చాలట. దువ్వితే రోజూ ఒక దిండుకి సరిపడా వస్తోంది.

రాత్రి పది దాటిందా, డ్యూటీ ఎక్కుతాడు. వీధిలోకి వాటర్ ట్యాంకర్ వస్తే కాలనీ అంతా లేవాల్సిందే. కాపలా బుద్ధి, వాడి తప్పు కాదు. కానీ పక్కింటి ఆంటీకి ఏం చెప్పను?

మన హైదరాబాద్‌లో ఇలాంటి పెద్ద కుక్కల్ని పెంచినవాళ్లు కాస్త చెప్పండి. గొరిగించారా, దువ్వుతూ నెట్టుకొచ్చారా? ఏసీ లేకుండా కూలర్‌తో సరిపోయిందా? రాత్రి లోపల పడుకోబెడితే మొరుగుడు తగ్గుతుందా?