పారావ్యూలో వాల్ షియర్: తక్కువ ఉన్న చోటు కనిపించట్లేదు, సాయం చేయగలరా?

ఎంటెక్_బయోమెడ్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బయోమెడికల్ ఎంటెక్ చేస్తున్నాను. రక్తనాళాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ సిమ్‌వాస్క్యులర్‌లో ఉదర బృహద్ధమని మోడల్ కట్టి రక్తప్రవాహం రన్ చేశాను. నాలుగు రోజులు నడిచి నిన్న రాత్రి అయిపోయింది. ఫలితాలని బొమ్మగా చూపే పారావ్యూలో తెరిస్తే ప్రెషర్ 1,60,000 అని చూపిస్తోంది! రన్ పాడైపోయిందేమోనని రాత్రంతా నిద్రపట్టలేదు. పైగా వాల్ షియర్ స్ట్రెస్‌కి (రక్తం పారుతూ నాళం గోడని రాసే బలం) రెయిన్‌బో రంగులు పెడితే నాళమంతా నీలమే, కిడ్నీ ధమనులు చీలే మూలల్లో మాత్రం ఎర్రటి చుక్కలు. "తక్కువ షియర్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అన్నారు మా గైడ్. చూపించలేకపోయాను. సోమవారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

సీఎఫ్‌డీ_పాతకాపు:
కంగారు పడకమ్మా, ప్రెషర్ సరిగ్గానే ఉంది. సెంటీమీటర్, గ్రామ్, సెకండ్ యూనిట్లలో చేసుంటావు, అందుకే డైన్లలో (ఆ యూనిట్లలో బలం కొలత) వచ్చింది. క్యాలిక్యులేటర్ ఫిల్టర్‌లో 1333తో భాగించు, పాదరసం మిల్లీమీటర్లలో 120 వస్తుంది. బీపీ మిషన్ మీద చూసే పై అంకే అది.

ఇక రంగుల సంగతి. ఆ మూలల్లోని నాలుగు మెష్ సెల్స్ (మోడల్‌ని విడగొట్టిన చిన్న ముక్కలు) స్కేల్ మొత్తాన్ని మింగేస్తున్నాయి. రేంజ్‌ని చేత్తో 0 నుంచి 20కి కుదించు. నీకు కావలసింది అడుగున ఉంది: 4 డైన్ల లోపు ఉన్న గోడకే కొవ్వు పేరుకునే ముప్పు ఎక్కువ. రెయిన్‌బో మాత్రం దయచేసి తీసెయ్. 2011లో హార్వర్డ్ వాళ్లు గుండె ధమనుల బొమ్మలు చూపించి తక్కువ షియర్ చోట్లు పట్టుకోమన్నారు. రెయిన్‌బో వేసిన త్రీడీ బొమ్మలో 39 శాతమే దొరికాయి. నాళాన్ని చదునుగా పరిచి, నలుపు నుంచి ఎరుపుకి వెళ్లే రంగులు వేస్తే 91 శాతం. డాక్టర్ల ముందు పెట్టే బొమ్మ ఇది, రంగు దగ్గర రాజీ పడొద్దు.

మెష్_మాస్టారు:
ఒక్క టైమ్ స్టెప్ (సిమ్యులేషన్‌లో ఒక్క క్షణం) చూసి తేల్చకండి. చివరి హార్ట్‌బీట్ ఫైల్స్ మాత్రమే తీసుకుని, ముందు క్యాలిక్యులేటర్‌లో దిశ వదిలేసి షియర్ పరిమాణం తీయండి, ఆ తర్వాతే టెంపొరల్ స్టాటిస్టిక్స్ ఫిల్టర్‌తో సగటు. వరస తారుమారైతే వెనక్కి పారే రక్తం ముందుకు పారేదాన్ని కొట్టేస్తుంది, లేని చోట కూడా తక్కువ కనిపిస్తుంది. నేనొకసారి ఇలాగే ఒక చాప్టర్ మొత్తం మళ్లీ రాశాను.

ఎంటెక్_బయోమెడ్:
దొరికింది! మీరు చెప్పిన వరసలోనే చేశాను, 0 నుంచి 20, నలుపు-ఎరుపు. ముందు నుంచి చూస్తే ఏమీ లేదు. మోడల్‌ని వెనక్కి తిప్పాను. కిడ్నీ ధమనులకి కింద, వెన్నెముక వైపు గోడ మీద, బొటనవేలంత నల్లటి మచ్చ. ఇప్పటిదాకా నాళాన్ని ముందు వైపు నుంచే చూస్తున్నాను. స్క్రీన్‌షాట్ గైడ్‌కి పంపాను, "ఇదే, వెనక గోడే" అని రిప్లై ఇచ్చారు. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి.